వైద్యంలో పొరపాట్లు జరిగే చోట్లు, రోగి అడ్డుపడగలిగే చోట్లు

వైద్యంలో పొరపాటు అనగానే ఎవరో ఒక డాక్టరు నిర్లక్ష్యంగా ఉండి ఉంటారని అనుకుంటాం. నిజానికి చాలా పొరపాట్లు పుట్టేది పని చేతులు మారే చోట. చీటీ రాసిన చేతి నుంచి మందు ఇచ్చే చేతికి, పగలు డ్యూటీ నుంచి రాత్రి డ్యూటీకి, వార్డు నుంచి ఆపరేషన్ థియేటర్‌కి, ఆస్పత్రి నుంచి ఇంటికి. డాక్టరు మారతారు, నర్సు మారతారు, ఫైలు ఒక్కోసారి వెనకబడిపోతుంది. ఈ మజిలీలన్నిట్లో మొదటి నుంచి చివరిదాకా ఉండేది రోగి ఒక్కరే. అందుకే రోగికి వైద్యం తెలియకపోయినా ఫరవాలేదు, తన సంగతి తనకి కచ్చితంగా తెలిసి ఉంటే చాలా పొరపాట్లు దారిలోనే ఆగిపోతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వైద్యం పొందేవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి ఆ వైద్యం వల్లే ఏదో ఒక హాని జరుగుతోంది. అందులో సగానికి పైగా నివారించగలిగేదే. నివారించగలిగే హానిలో దాదాపు సగం మందులకి సంబంధించినది. కాబట్టి ఓపిక కొంచెమే ఉంటే దాన్ని మందుల మీదే ఖర్చుపెట్టండి.

ఒక మాట ముందే చెప్పాలి. భద్రత చూసుకోవాల్సిన బాధ్యత ఆస్పత్రిదే. జ్వరంతో మూలుగుతున్న మనిషి తన సెలైన్‌ని తనే కాపలా కాసుకోవాలనడం అన్యాయం. అందుకే కింద చెప్పేవాటిలో చాలావరకు పక్కనుండే మనిషి చేయాల్సినవి. ఆ మనిషి ఎవరన్నది ఆస్పత్రిలో చేరకముందే తేల్చుకోండి. రోజుకొకరు మారితే అక్కడా చేతులు మారే సమస్యే వస్తుంది. మారక తప్పకపోతే ఒక నోటుపుస్తకం పెట్టి, ఎవరు ఏం చెప్పారో తేదీ, టైముతో సహా అందులో రాయండి.

అన్నిటికన్నా ఉపయోగపడే కాగితం మందుల జాబితా. ఒక్కో మందుకి ఇవి ఉండాలి: కంపెనీ పెట్టిన పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడెప్పుడు, దేనికోసం, ఎవరు రాశారు, ఎప్పటినుంచి. పైన తేదీ వేయండి, లేకపోతే ఏది పాత జాబితానో ఏది కొత్తదో తేలదు. చాలామంది రోజూ మింగే మాత్రలు రాసి మిగతావి వదిలేస్తారు. వారానికోసారి వేసుకునేవి, నెలకోసారి వేయించుకునే ఇంజెక్షన్లు, కంటి చుక్కలు, ఇన్‌హేలర్లు, ఒంటికి అంటించే పట్టీలు, గర్భనిరోధక మాత్రలు, విటమిన్లు, మూలికల మందులు, నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వేసుకునే మాత్ర, ఇవన్నీ అందులో ఉండాల్సిందే. ఆ నొప్పి మాత్రల్లో కొన్ని, కొన్ని బీపీ మందులతోనూ, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందుతోనూ కలిసినప్పుడు కిడ్నీలని దెబ్బతీయొచ్చు. రక్తం పలచబడే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం తేవచ్చు. "అది మందు కాదులే" అనుకున్నదే మిగతావాటిని తిరగబెడుతుంది.

జాబితా రాయలేకపోతే స్ట్రిప్పుల ఫోటోలు తీసి ఫోనులో పెట్టుకోండి. పేరు, మోతాదు, గడువు తేదీ ముద్రించి ఉన్న వెనకవైపు ఫోటో తీయాలి. కొన్ని స్ట్రిప్పుల మీద పేరు, గడువు ఒక చివరే ఉంటాయి. మాత్రలు ఆ చివర నుంచి చించుకుంటూ పోతే మిగిలిన ముక్క ఏ మందో ఎవరూ చెప్పలేరు. రెండో చివర నుంచి మొదలుపెట్టండి.

జాబితాలోనే పడని మందుల గడి ఒకటి ఉండాలి. "పెన్సిలిన్ పడదు" అని మాత్రమే రాస్తే సరిపోదు, వేసుకున్నాక ఏం జరిగింది, ఎంతసేపటికి జరిగింది అన్నదే డాక్టరుకి కావాలి. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు, ముఖం వాపు, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం ఒక రకం. కడుపులో తిప్పడం, విరేచనాలు వేరే రకం, చాలావరకు అది అలర్జీ కాదు. ఈ తేడా తెలియక పెన్సిలిన్ అలర్జీ అని జీవితాంతం ముద్ర వేయించుకునేవాళ్ళు చాలామంది. సరిగ్గా పరీక్షిస్తే వాళ్ళలో ఎక్కువమందికి ఆ మందు పడుతుంది. ముద్ర ఉన్నంతకాలం వాళ్ళకి అంతకన్నా తక్కువ పనిచేసేదో, ఎక్కువ దుష్ఫలితాలున్నదో ఇస్తూ ఉంటారు. చిన్నప్పుడెప్పుడో జరిగిందని ఇంట్లోవాళ్ళు చెప్పగా విన్నదైతే, దాన్ని పరీక్షించి తేల్చమని అడగడం మంచిది.

ఇక చీటీ. చేత్తో రాసిన చీటీలో ప్రాణం మీదికి తెచ్చేవి సున్నాలు. 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అవుతుంది. .5 అని రాస్తే 5 అవుతుంది. ఇన్సులిన్ యూనిట్లకి ఇంగ్లీషులో పొడి అక్షరం 'యు' ఒక్కటే రాస్తే అది సున్నాలా కనబడి 4 యూనిట్లు 40 అవుతాయి. మైక్రోగ్రాము మిల్లీగ్రాము అయితే మోతాదు వెయ్యింతలు. రోగి ఈ గుర్తులన్నీ చదవనక్కర్లేదు. డాక్టరు దగ్గర నుంచి లేవకముందే "ఒక్కసారి చదివి చెప్పండి డాక్టరు గారూ, ఇంట్లో పొరపాటు పడకుండా రాసుకుంటాను" అంటే చాలు. మోతాదు, పూటలు, ఎన్ని రోజులు, మీ అక్షరాల్లో రాసుకోండి.

పేర్లు కలిసిపోవడం మరో పెద్ద తలనొప్పి. ఆమ్లం తగ్గించే లోసెక్ అనే మందుకి 1990లో అమెరికాలో ప్రిలోసెక్ అని పేరు మార్చాల్సి వచ్చింది, మూత్రం ఎక్కువ పోయేలా చేసే లేసిక్స్‌తో కలగాపులగం అవుతోందని. హైడ్రాలజైన్ బీపీకి, హైడ్రాక్సిజైన్ దురదకి. చీటీ మీద పక్కపక్కన పెట్టి చూస్తే కళ్ళు మోసపోతాయి. ఇక్కడ రోగి చేతిలో ఉన్న అస్త్రం ఒకే ప్రశ్న: "ఇది దేనికి?" డాక్టరు దురదకి రాశానన్నారు, మందుల షాపులో బీపీకి అన్నారంటే అక్కడే ఆగాలి. అందుకే జాబితాలో 'దేనికోసం' అన్న గడి ఖాళీగా వదలొద్దని అంటాను.

మెథోట్రెక్సేట్ గురించి విడిగా చెప్పాలి. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కి ఇచ్చే ఈ మాత్ర వారానికి ఒక్కరోజే. అలవాటు కొద్దీ ఎవరో 'రోజూ' అని రాస్తే, లేదా రోజువారీ మాత్రల డబ్బాలో పడిపోతే, రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లు పడతాయి, మనుషులు చనిపోయారు కూడా. వారం పేరు, ఉదాహరణకి 'సోమవారం మాత్రమే' అని, డబ్బా మీదే రాయించుకోవాలి. దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చిన్న పసుపు మాత్రే కావచ్చు, రెండూ తారుమారు కాకుండా వేరువేరు చోట్ల పెట్టండి.

ఒకే మందు రెండు పేర్లతో ఇంట్లోకి రావడం మరీ మామూలు. పారాసెటమాల్ చూడండి. జ్వరం మాత్రలో అదే, జలుబు మాత్రలో అదే, ఒళ్ళునొప్పుల మాత్రలో ఇంకో మందుతో కలిపి అదే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 24 గంటల్లో 4 గ్రాములు గరిష్ఠం. బరువు తక్కువున్నవాళ్ళకి, లివర్ జబ్బున్నవాళ్ళకి, మద్యం ఎక్కువ తాగేవాళ్ళకి అంతకన్నా తక్కువ. మూడు రకాల మాత్రలు 'వేరువేరు' అనుకుని వేసుకుంటే ఆ హద్దు తెలియకుండానే దాటతారు. లివర్ దెబ్బతిన్న సంగతి మొదటిరోజు ఏమీ తెలియకపోవచ్చు కూడా. దాటామని తెలిసిన వెంటనే, ఒంట్లో బాగానే ఉన్నా సరే, ఆస్పత్రికి వెళ్ళాలి. విరుగుడు మందు తొందరగా ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

పిల్లల సిరప్ దగ్గర లెక్క ఎలా తప్పుతుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. 12 కిలోల పిల్లాడు. పారాసెటమాల్ ఒక మోతాదుకి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, పై లెక్కన 180 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు అని ఉంటే 7.5 మిల్లీలీటర్లు పోయాలి. అదే సిరప్ 5 మిల్లీలీటర్లకి 250 అని ఉంటే 3.6 మిల్లీలీటర్లే. పసిపిల్లల చుక్కల మందు మిల్లీలీటరుకి 100 అని ఉంటే 1.8 మాత్రమే. పాత సీసా అయిపోయి, కొత్తగా చుక్కల మందు తెచ్చి, "పోయినసారి లాగే ఏడున్నర" పోస్తే 750 మిల్లీగ్రాములు లోపలికి వెళ్ళినట్టు, అంటే నాలుగింతలకి పైనే. అందుకే "ఎన్ని మిల్లీలీటర్లు" అని మాత్రమే గుర్తుపెట్టుకోకూడదు. ఎన్ని మిల్లీగ్రాములు, ఈ సీసాలో అది ఎన్ని మిల్లీలీటర్లు, రెండూ అడగాలి. బరువు ఆ రోజు తూచి చెప్పాలి. వంటింటి చెంచాతో కొలవొద్దు, చెంచాలన్నీ ఒక సైజువి కావు. సూది లేని సిరంజితో, బుగ్గ లోపలివైపుకి నెమ్మదిగా వదలండి.

ఇన్సులిన్‌దీ ఇదే తంతు. సీసా మిల్లీలీటరుకి 40 యూనిట్లదా, 100 యూనిట్లదా అన్నదాన్ని బట్టే సిరంజి. 100 యూనిట్ల సీసా నుంచి 40 యూనిట్ల సిరంజితో తీస్తే గీత మీద కనబడే దానికి రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది, షుగర్ పడిపోతుంది. దీనికి ఎదురుగా చేస్తే రెండున్నర రెట్లు తక్కువ పడి షుగర్ ఎందుకు దిగట్లేదో ఎవరికీ అర్థం కాదు. సిరంజి కొన్న ప్రతిసారీ, దాని మీది అంకె సీసా మీది అంకెతో కలుస్తోందో లేదో చూడటానికి అరనిమిషం చాలు.

చిన్నవి మరికొన్ని. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అని ఉన్న మాత్రల్ని నలగ్గొట్టొద్దు. రోజంతా నెమ్మదిగా కరగాల్సింది ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. మింగలేకపోతే ద్రవరూపం ఉందేమో అడగండి. నొప్పికి అంటించే పట్టీ కొత్తది వేసేముందు పాతది వెతికి తీయండి, వీపు మీద మర్చిపోతారు. దాని మీద వేడినీళ్ళ సంచి పెట్టొద్దు, వేడికి మందు ఎక్కువగా లోపలికి పోతుంది. ఎంఆర్ఐకి వెళ్ళేముందు పట్టీ ఉందని చెప్పండి, కొన్నిట్లో లోహపు పొర ఉండి చర్మం కాలుతుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడంతో.

డాక్టరు గదిలో చెప్పిందంతా బయటికి రాగానే సగం మర్చిపోతాం, అది ఎవరి తప్పూ కాదు. లేచేముందు "నాకు అర్థమైంది చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి" అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఆ తర్వాత రెండు ప్రశ్నలు. "ఇది ఇంకేదైనా అయ్యే అవకాశం ఉందా?" "ఎన్ని రోజుల్లో తగ్గాలి, ఏం కనబడితే ఆగకుండా వెనక్కి రావాలి?" మొదటి ప్రశ్నకి కొందరు డాక్టర్లు చిరాకుపడతారేమో కానీ, రోగనిర్ధారణ ఒకే ఆలోచన దగ్గర బిగుసుకుపోకుండా ఆపేది అదే. రెండోది ఎవరూ కాదనరు.

పరీక్ష చేయించుకుని, ఫోను రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకోవడం ప్రమాదం. 2009లో అమెరికాలో అచ్చైన ఒక అధ్యయనంలో, తేడా వచ్చిన పరీక్షా ఫలితాల్లో సుమారు 14కి ఒకటి రోగికి చెప్పలేదు, లేదా చెప్పినట్టు రికార్డే లేదు. శాంపిల్ ఇచ్చినరోజే ఫలితం ఎప్పుడొస్తుంది, ఎవరు చూస్తారు, నేనెవరికి ఫోన్ చేయాలి అని అడిగి, ఆ తేదీకి ఫోనులో అలారం పెట్టుకోండి. ముఖ్యంగా ముక్క పరీక్షకి (బయాప్సీకి) పంపినవి.

ఆస్పత్రిలో చేరాక మొదటి కాపలా పేరు దగ్గర. నర్సు హడావుడిలో "ఫలానావారేనా?" అంటే మత్తులో, చెవుడులో, కంగారులో ఎవరైనా 'ఆఁ' అంటారు. ఆ 'ఆఁ' వల్లే ఒకరి మందు ఇంకొకరికి పోతుంది. ఎలా అడిగినా మీరు మాత్రం పూర్తి పేరు, పుట్టినతేదీ మీ నోటితో చెప్పండి. చేతి పట్టీ మీది పేరు, నంబరు మొదటిరోజే సరిచూసుకోండి, తప్పుంటే అప్పుడే మార్పించండి. బెడ్డు నంబరుతో పిలిస్తే పలకొద్దు, బెడ్లు మారుతుంటాయి.

రక్తం శాంపిల్ తీసినప్పుడు ట్యూబు మీద లేబుల్ మీ మంచం పక్కనే, మీ ఎదుటే అంటించాలి. నాలుగైదు ట్యూబులు జేబులో వేసుకుని, డెస్కు దగ్గరికెళ్ళి అంటిస్తే ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద లాబ్‌కి వెళ్ళే అవకాశం ఉంది. మామూలు పరీక్షయితే తప్పుడు రిపోర్టుతో పోతుంది. గ్రూపు కోసం తీసిన రక్తమైతే, ఎక్కించిన కొన్ని నిమిషాల్లోనే ప్రాణాపాయం. రక్తం ఎక్కించేముందు సంచి మీది వివరాలు మీ చేతి పట్టీతో సరిపోల్చడం మంచం దగ్గరే జరగాలి. మొదటి 15 నిమిషాలు ముఖ్యం. చలి, వణుకు, నడుంనొప్పి, ఛాతీ బిగుసుకున్నట్టు ఉండటం, ఆయాసం, దురద, ఏదైనా అనిపిస్తే "కాసేపు చూద్దాం" అనుకోకుండా వెంటనే నర్సుని పిలవాలి.

చేతులు కడుక్కున్నారా అని డాక్టరుని అడగమని ప్రతి కరపత్రంలోనూ రాస్తారు. అడగడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలియదేమో! "సిస్టర్, ఇక్కడ శానిటైజర్ ఉంది, కావాలా?" అని సీసా ముందుకి జరిపితే మర్యాదగానూ ఉంటుంది, పనీ జరుగుతుంది. దానితో చేతులు 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోవాలి, సబ్బు నీళ్ళతోనైతే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. చూడ్డానికి వచ్చే బంధువులకీ ఇదే వర్తిస్తుంది. ఇంజెక్షన్ అయితే సిరంజి, సూది రెండూ సీలు విప్పని కవరులోంచి మీ ముందే తీయాలి. దీనికి మొహమాటం అక్కర్లేదు.

ఒంట్లో పెట్టిన ప్రతి గొట్టానికీ రోజూ ఒక ప్రశ్న ఉంది: "ఇది ఇంకా అవసరమేనా?" మూత్రపు గొట్టం ఉన్న ఒక్కో రోజుకీ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది. పెట్టినవాళ్ళు వేరు, తీయాల్సినవాళ్ళు వేరు కావడంతో అది అలాగే ఉండిపోతుంది. ఉన్నన్నాళ్ళూ సంచి పొట్ట కన్నా కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. స్ట్రెచర్ మీద తీసుకెళ్ళేటప్పుడు సంచిని రోగి ఒళ్ళో పెట్టేస్తుంటారు, అప్పుడు మూత్రం వెనక్కి పారుతుంది. చేతికి పెట్టిన క్యాన్యులా (సెలైన్ ఎక్కించే చిన్న గొట్టం) దగ్గర ఎరుపు, నొప్పి, వాపు, గట్టి తాడులా తగలడం కనబడితే చెప్పండి.

గొట్టం ఊడిపోతే బంధువులు దాన్ని మళ్ళీ తగిలించకూడదు. ఆహారం గొట్టం, సెలైన్ గొట్టం చూపుకి ఒకేలా ఉండొచ్చు. డ్రిప్ వేగం, ఆక్సిజన్ మీట కూడా ముట్టుకోవద్దు. దీర్ఘకాలం నుంచి ఊపిరితిత్తుల జబ్బు ఉన్న కొందరికి ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్యే ఉంచుతారు. 'తక్కువుంది' అని పెంచితే వాళ్ళు మత్తులోకి జారిపోతారు. నొప్పి మందు పంపు మీట రోగి చేతిలో పెడితే దాన్ని నొక్కాల్సింది రోగే. మత్తు ఎక్కువైతే నిద్రపట్టి నొక్కలేరు, ఆ నిద్రే అక్కడ రక్షణ. పడుకున్న మనిషి మూలిగాడని ప్రేమకొద్దీ పక్కవాళ్ళు నొక్కితే ఆ రక్షణ పోయి ఊపిరే ఆగిపోవచ్చు.

ఆపరేషన్ ఉంటే ముందు ఎన్ని గంటలు ఏమీ తినకూడదో, తాగకూడదో స్పష్టంగా అడగండి. ఎక్కువ చోట్ల పాటించేది తేలికపాటి ఘనాహారానికి 6 గంటలు, నూనె ఎక్కువున్నదానికి 8, మంచినీళ్ళకి 2. కొంచెం తిన్నా దాచిపెట్టొద్దు, మత్తిచ్చాక కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే మామూలు విషయం కాదు. ఏ మందు ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది మత్తు డాక్టరుతో రాయించుకోండి. రక్తం పలచబడే మందు సొంతంగా ఆపేయకూడదు, సొంతంగా కొనసాగించకూడదు. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే సాధారణంగా 3 రోజుల ముందే ఆపమంటారు. ఉపవాసంలో వీటివల్ల షుగర్ మామూలుగా కనబడుతూనే రక్తంలో ఆమ్లం పేరుకుపోవచ్చు. కుడి, ఎడమ ఉన్న అవయవమైతే మీరు మెలకువగా ఉన్నప్పుడే, మీ ముందే గుర్తు పెట్టించుకోండి. ఇంటి దగ్గర ఆ భాగాన్ని బ్లేడుతో గీసుకుని రాకండి, కంటికి కనబడని గాట్లు ఇన్ఫెక్షన్‌కి దారి.

ఆపరేషన్ తర్వాత పాదాలు ఆడించడం, వీలైనంత తొందరగా నడవడం, రాత్రి బాత్రూముకి ఒంటరిగా లేవకపోవడం. ఇవి అందరూ చెప్పేవే. పిక్కలో ఒకవైపే వాపు, నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం మాత్రం ఇంటికొచ్చిన వారాల తర్వాతైనా రక్తం గడ్డ కావచ్చని గుర్తుంచుకోండి.

మనిషి పరిస్థితి దిగజారుతోందని ఒక్కోసారి మానిటర్ కన్నా ముందు ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. "మా నాన్న ఎప్పుడూ ఇలా మాట్లాడరు" అన్నది కూడా ఒక లక్షణమే. కొత్తగా తికమకపడటం, ఊపిరి వేగం, చర్మం మచ్చలు మచ్చలుగా రంగు మారడం, రోజంతా మూత్రం రాకపోవడం, విపరీతమైన వణుకు, ఇవి ఒంట్లో ఇన్ఫెక్షన్ విషమించిన సూచనలు కావచ్చు, దాన్నే సెప్సిస్ అంటారు. చెప్పేటప్పుడు "బాగా లేదండీ" అని వదిలేయకండి. "పొద్దున తొమ్మిదింటికి నన్ను గుర్తుపట్టారు, ఇప్పుడు పట్టట్లేదు, ఊపిరి నిమిషానికి 28 లెక్కపెట్టాను, సెప్సిస్ ఏమో చూడండి" అనండి. టైము, మార్పు, అంకె ఉంటే మాట పైదాకా వెళ్తుంది. వెళ్ళకపోతే డ్యూటీ డాక్టరు, ఆ పైన స్పెషలిస్టు, ఆ పైన సూపరింటెండెంట్, వరుసగా అడగండి. ఇంగ్లండులో మార్థా అనే 13 ఏళ్ళ అమ్మాయి సెప్సిస్‌తో 2021లో చనిపోయింది. తల్లిదండ్రులు పదేపదే చెప్పిన మాట పట్టించుకోలేదని తేలాక, ఆమె పేరుతోనే మార్థాస్ రూల్ తెచ్చి, 2024 నుంచి ఆస్పత్రుల్లో మొదలుపెట్టారు. దాని ప్రకారం కుటుంబం నేరుగా వేరే బృందాన్ని పిలిపించుకోవచ్చు. మీ ఆస్పత్రిలో అలాంటి ఏర్పాటు ఉందేమో చేరిన రోజే అడిగి ఉంచుకోండి.

డిశ్చార్జ్ రోజు అందరికీ తొందరే, పొరపాట్లకి అదే అనువైన రోజు. సమ్మరీ చేతికి రాగానే పాత జాబితా పక్కన పెట్టి ఒక్కో మందుకీ గుర్తు వేయించుకోండి: కొనసాగేది, మోతాదు మారింది, ఆపేసింది, కొత్తది. పాత జాబితాలో ఉండి కొత్తదాంట్లో కనబడనిది కావాలనే ఆపారా, మర్చిపోయారా? అడిగితే తప్ప తెలియదు. ఆస్పత్రిలో నిద్రకి, కడుపుమంటకి ఇచ్చినవి ఇంట్లోనూ నెలల తరబడి సాగిపోతుంటాయి, వాటికి ఆపే తేదీ రాయించుకోండి. ఇంకా రావాల్సిన రిపోర్టులు ఏవి, కుట్లు ఎప్పుడు తీయాలి, అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఏ నంబరు, ఇవి కూడా అదే కాగితం మీద.

ఇంటికి చేరాక ఆపేసిన మందుల స్ట్రిప్పులు ఆ సాయంత్రమే పెట్టెలోంచి తీసేయండి. అసలు మందు పేరు చూసి మరీ తీయండి. ఆస్పత్రి రాసిన కొత్త బీపీ మాత్ర, ఇంట్లో మిగిలిన పాత బీపీ మాత్ర వేరువేరు రంగుల్లో, వేరువేరు కంపెనీలవై, లోపల ఒకటే మందు అయ్యుండొచ్చు.